వానకు కొసరు లేదు

ఇవాళ మధ్యాహ్నం పప్పుకు తాలింపు వేస్తుండగా మిద్దె మీద ఆ చప్పుడు వినిపించింది. ఖాళీ రేకు డబ్బా అడుగున మొదటి చినుకు పడితే టంగుమని మోగుతుంది. వెంటనే నాలుగైదు చినుకులు వరసగా మోగుతాయి. అడుగు తడిసి కాసిని నీళ్లు చేరాక చప్పుడు మెత్తబడుతుంది. అది మెత్తబడేదాకా నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోతాను, ఎన్నేళ్లయినా ఈ అలవాటు పోలేదు. ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటెక్కితే మా కోడలు దగ్గుకుంటూ వచ్చి స్టవ్వు ఆపింది. “మళ్ల మీ సారు యాదికొచ్చిన్రా అత్తమ్మా?” అంది. వచ్చారు మరి. వాన పడిన రోజున ఆయన రాకుండా ఎట్లా ఉంటారు?

ఆయన పేరు రత్నం. గౌలిపురాలో మా గల్లీ అంతా ‘రత్నం సారు’ అనేవాళ్లు గానీ ఆయన బడిపంతులు కాదు. ఊరి చివర ఒక సర్కారు కార్ఖానాలో పని. మిషన్ల మీద తయారైన సామాను సరైన కొలతకు వచ్చిందో లేదో చూసే గది ఒకటి అక్కడ ఉండేదట, ఆయన ఉద్యోగం ఆ గదిలో. భార్య శాంతమ్మ నేను రాకముందే పోయింది, పిల్లలు లేరు. మా అత్తగారింటి వెనక గదిలో అద్దెకుండేవారు. వారమంతా ఖాకీ చొక్కా, ఆదివారం చర్చికి తెల్ల చొక్కా. ఏడాదికి ఒకసారి, ఆగస్టులో ఒక రోజు మాత్రం సెలవు పెట్టి, బంతిపూలు కొనుక్కుని సమాధుల తోటకు వెళ్లి వచ్చేవారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి డెబ్బైలు మొదలై రెండు మూడేళ్లయింది. నాకు పంతొమ్మిదేళ్లు. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు. మాది పాల ఇల్లు. కొట్టంలో ఆరు బర్రెలు, వాటిలో గౌరి నాది. మా అమ్మ తన చేత్తో తవుడు తినిపించి పెంచి, నా పెళ్లికి అరణంగా తోలింది. ఆ మరుసటి ఏడే అమ్మ పోయింది. ఆ తర్వాత పుట్టింటి నుంచి నాకంటూ మిగిలింది ఆ బర్రె ఒక్కటే, దాని మెడ కింద గోకుతూ ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలియదు. పొద్దున్నే గడపలో కూర్చుని వచ్చినవాళ్లకు పాలు పోయడం నా పని. కొలత నిండాక పైన ఇంకాస్త ఒంపాలి, అది కొసరు. “కొసరు పొయ్యని ఇంట్ల పాడి నిలువదు” అని మా అత్త మొదటి రోజే చెప్పింది. నెల తిరిగేసరికి నా మణికట్టు దానంతట అదే వంగడం నేర్చుకుంది.

సారుతో నా మొదటి పరిచయం మంచిగా జరగలేదు. పిడకలు ఆరేయడానికి మిద్దె ఎక్కితే నడిమధ్యలో నాలుగు ఇటుకల మీద ఒక రేకు డబ్బా, అందులో వాన నీళ్లు. దోమలవుతాయని పారబోసి, శుభ్రంగా తోమి బోర్లించాను. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి పైకెక్కి, దిగి వచ్చి, గుమ్మంలో నిలబడ్డారు.

“డబ్బల నీళ్లేమైనయి బిడ్డా?”

“పారబోసిన సారూ.”

ఆయన నెత్తి పట్టుకున్నారు. “అరెరే! పోనీ, ఎంతుండెనో సూసినవా?”

“ఇంత,” అని వేలు చూపించాను.

“ఇంత అంటే ఎంత?”

నాకు ఒళ్లు మండింది. వాన నీళ్లకు ఇంత లొల్లి ఏమిటి? “ఇంతంటే ఇంతే సారూ, ఆకాశంకెళ్లి పడ్డ నీళ్లే కదా!” అన్నాను. కొత్త కోడలు కిరాయిదారు మీద గొంతు లేపిందని మా అత్త లోపలి నుంచి దగ్గింది. ఆయన మాత్రం నవ్వి, “తప్పు నాదే. చెప్పకుంట పెట్టిన,” అని, మరునాడు నన్నూ అత్తనూ మిద్దె మీదికి పిలిచి మొత్తం విప్పి చెప్పారు.

అంతకు ముందు నేను ఎన్నడూ డబ్బాను డబ్బాగా చూడలేదు. పైనుంచి కింది వరకూ ఒకే వెడల్పు ఉండాలట. మూతి వెడల్పుగా అడుగు సన్నంగా ఉంటే వాన ఎక్కువ పడినట్టు అబద్ధం చెబుతుందట. పిట్టగోడ ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరంలో పెట్టాలి, లేకపోతే ఏటవాలు జల్లును గోడే తాగేస్తుంది. నేల మీద పడి చిట్లిన నీళ్లు లోపలికి ఎగరకుండా ఇటుకల ఎత్తు కావాలి. ఇదంతా బాగానే ఉంది గానీ గోరంత లోతు నీటిని స్కేలుతో కొలవడం ఎట్లా? దానికి ఆయన దగ్గర ఉపాయం ఉంది. డబ్బాలో సరిగ్గా ఒక సెంటీమీటరు లోతు నీళ్లు పోసి, ఆ నీటినే అడుగు మూసిన సన్నటి గాజు గొట్టంలోకి ఒంపారు. డబ్బాలో గోరంత ఉన్నది గొట్టంలో జానెడు ఎత్తుకు లేచి నిలబడింది. ఆ జానెడును పది సమభాగాలు చేసి, కాగితం పట్టీ మీద గీతలు గీసి, గొట్టానికి అంటించి, తడవకుండా కొవ్వొత్తి మైనం రుద్దారు. ఒక్కో గీత ఒక మిల్లీమీటరు వాన. పది గీతలు దాటితే ఒకసారి నింపి పారబోసి మళ్లీ పోయాలి. మొత్తం కలిపి రెండు రూపాయల సామాను కాదు.

“పొద్దుగాల ఎనిమిదిన్నరకు కొలువాలె బిడ్డా, దేశమంత గా టైముకే కొలుస్తరు. నేను ఆరున్నరకే బస్సు ఎక్కుత. ఇన్నేండ్లు పోయేటప్పుడు సూసి రాస్తున్న గానీ మనసొప్పుతలేదు. నువ్వు సూస్తవా?”

నేను అత్త వైపు చూశాను. అత్త, “పాలు పోసుడు అయినంక చేస్తది తియ్యి,” అంది. అట్లా నాకు ఆ పుస్తకం చేతికి వచ్చింది. అట్ట వేసిన పొడుగు పుస్తకం. ప్రతి తారీఖుకు ఒక గడి, పక్కన సంతకానికి ఇంకో గడి. సంతకం ఎందుకని అడిగాను. “కొలిచినోళ్ల పేరుండాలె కద? లేకుంటే ఆ అంకె ఎవ్వరిది?” అన్నారు. పెళ్లయ్యాక నేను నా పేరు రాసుకున్నది అదే మొదలు. ‘భాగ్య’ అని రాసి, సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

డబ్బాకు తుప్పు పట్టిందని ఒకసారి మాతోపాటు ఉస్మాన్‌గంజ్ వచ్చారు. మేము బర్రెలకు పల్లిచెక్క కొంటుంటే ఆయన నూనె దుకాణం ముందు ఖాళీ డబ్బాలను ఒక్కొక్కటిగా ఎత్తి, పురికొసతో మూతి చుట్టుకొలత తీసి, అదే కొసతో అడుగు చుట్టూ తీసి పక్కన పెడుతున్నారు. పదో డబ్బాకో పన్నెండో డబ్బాకో దుకాణం భాయ్ ఓపిక అయిపోయింది. “క్యా హోనా సాబ్? తేల్ డాల్‌నే కూ?” అన్నాడు, నూనె పోసుకోవడానికా అని. “నై భాయ్, బారిష్ నాప్‌నే కూ,” అన్నారు సారు, వాన కొలవడానికని. భాయ్ తక్కెడ ఆపేసి, “అల్లా దియా సో పానీ కూ నాప్‌తే క్యా మియా?” అని ఆశ్చర్యపోయాడు. దేవుడిచ్చిన నీళ్లను కూడా కొలుస్తారా అని. సారు తడుముకోకుండా, “ఉనో నాప్‌కేచ్ దేతే భాయ్, హమ్ హిసాబ్ లిక్‌తే,” అన్నారు. ఆయన కొలిచే ఇస్తాడు, మేం రాసుకుంటాం అని. భాయ్ పగలబడి నవ్వి డబ్బాకు పైసలు తీసుకోలేదు.

ఇక నా ఘనకార్యం. పుస్తకం నా చేతికి వచ్చిన నెలన్నరకు ఒక ఆదివారం సారు చర్చికి పోకముందు నాతోపాటు మిద్దె ఎక్కారు. నేను గొట్టంలోకి నీళ్లు ఒంపి, చూసి, “తొమ్మిది” అన్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కన్ను నీటి మట్టానికి తెచ్చి, “ఎనిమిది,” అన్నారు. “ఒకటి యాడికెళ్లి వచ్చింది బిడ్డా?”

“కొసరు సారూ,” అన్నాను. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఎనిమిది నిండి పైన రవ్వంత కనబడితే తొమ్మిది అనడమే కదా ధర్మం. గాజు అంచుకు నీళ్లు పాకి ఉంటాయి, నేను ఆ పాకిన అంచునే చూసి, దానికి పైన ఇంకాస్త వేసి, నెలన్నరగా వానకు ఉదారంగా కొసరు పోస్తున్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. కళ్లు తుడుచుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. “అంచుకు పాకింది వాన కాదు బిడ్డా, గాజు గుంజుకున్నది. నడుమ గుంట తీరుగ ఉంటది సూడు, గా గుంట అడుగు యాడున్నదో గదే లెక్క. పాలకు కొసరు పోసుడు మీ ధర్మం, పొయ్యి. పోసేది నీ పాలు. వాన నీది కాదు, నాది కాదు. దానికి కొసరు లేదు.” ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. నెలన్నర అంకెల పక్కన ‘కొసరు కలిసింది’ అని రాయించి నా చేత సంతకం పెట్టించారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన నా వెనక ఒకసారి చూసేవారు.

మా మామ యాదగిరికి మొదట్లో ఈ పని పిచ్చిగా కనబడింది. పెరట్లో బావి మీదే మా పాడి అంతా ఆధారపడింది. బర్రెలు తాగాలన్నా, కడగాలన్నా ఆ నీళ్లే. ఒకసారి సారు ఆయనను కూర్చోబెట్టి పాత పేజీలు తిప్పి చూపించారు. ఏ ఏడాది దసరా నాటికి వాన ఆరువందల గీతలు దాటిందో ఆ ఏడాది బావి ఉగాది దాకా నిలిచింది. దాటని రెండేళ్లూ శివరాత్రికి ముందే అడుగంటింది. మామ ఆ రెండేళ్లూ ఎట్లా గడిచాయో గుర్తు తెచ్చుకుని తల పంకించాడు. అప్పటి నుంచి మా ఇంటి కట్టుబాటు అదే. ఆరువందలు దాటితే ఆరు బర్రెలు. దాటకపోతే మూడింటిని, అంటే పాలివ్వని వాటిని, కాలువ కింది ఊర్లో ఉన్న మామ చెల్లెలింటికి తోలాలి.

మూడేళ్లు ఆ మాట ఎత్తే అవసరం రాలేదు. నాలుగో ఏడు వానలు ముఖం చాటేశాయి. బోనాలు ఎండలోనే గడిచాయి. భాద్రపదంలో కాస్త పడ్డా, దసరా నాలుగు రోజులు ఉందనగా పుస్తకంలో ఐదువందల తొంభై ఒకటి దగ్గర ఆగింది. గౌరి ఆ సమయానికి సూడిది, పాలు లేవు. తోలే మూడింటిలో మొదటి పేరు దానిదే. ఈనే బర్రెను కన్నతల్లి లేని నేను పరాయి ఊరికి ఎట్లా పంపను? సారు అప్పుడు కామెర్లతో మంచాన ఉన్నారు, మిద్దె ఎక్కలేరు. ఆదివారం కూడా నా వెనక చూసేవాళ్లు లేరు.

ఒక పొద్దున మూడు గీతల వాన పడింది. నేను ఆరు రాశాను. మరునాడు రెండు పడింది. నాలుగు రాశాను. ఈసారి చెయ్యి అలవాటుగా వంగలేదు, నేనే వంచాను. సంతకం కూడా పెట్టాను.

బతుకమ్మకు పూలు పేరుస్తుంటే మామ వచ్చి అడిగాడు. “ఎంతయింది కోడలా?”

“ఆరొందల ఒకటి మామా.”

“బస్, సాలు,” అని తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. పుస్తకం చూపించమనలేదు. సారును అడగలేదు. చెల్లెలికి బర్రెలను తోలడం లేదని కబురు పంపేశాడు. ఆ సాయంత్రం సారుకు బార్లీ నీళ్లు ఇవ్వడానికి వెళితే ఆయనా అదే అడిగారు. చెప్పాను. పచ్చబడ్డ కళ్లు మూసుకునే నవ్వారు. “మస్తు మంచిగైంది. గౌరి ఈడనే ఈనుతది. నువ్వు ఫికర్ చెయ్యకు.” ఆయన సంతోషం చూడలేక ఖాళీ గ్లాసు తీసుకుని బయటికి వచ్చేశాను.

దసరా మరునాడు నీళ్లు చేదుతుంటే చేంతాడు అయిపోతూనే ఉంది, బొక్కెన నీళ్లను తాకదు. పోయినేడు ఇదే సమయానికి గిలక దగ్గర మూడు మూరల తాడు మిగిలేది. ఇప్పుడు ముడి గిలకకు వచ్చి తగిలింది. నా ఐదు గీతలు పుస్తకంలో ఉన్నాయి గానీ బావిలో లేవు. మాఘానికి ఆరు బర్రెలు దాహంతో అరుస్తుంటే కడుపుతో ఉన్న గౌరి ఏమవుతుంది? దాన్ని కాపాడుకుందామని దాని గొంతుకే తాడు బిగించాను. బొక్కెన అక్కడే వదిలి సారు గదికి పరుగెత్తాను.

ఏడుస్తూ చెప్పాను. “ఎంత?” అన్నారు ఆయన.

“ఐదు. రెండు దినాలల్ల.”

“పుస్తకం తే.”

పుస్తకంతోపాటు, అంకెలు గీకేయడానికి బ్లేడు కూడా తెచ్చాను. బ్లేడు చూసి ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది. “గది అవతల పారెయ్యి! చెరిపితే రెండో అబద్ధమైతది. ఒక్కటే గీత కొట్టు. కింద రాసింది కనబడాలె. పక్కన సరైంది రాయి, సంతకం పెట్టు.” రాశాను. మూడు. రెండు. మొత్తం ఐదువందల తొంభై ఆరు. ఆయన ఆయాసపడుతూ లేచి కూర్చుని నా తల మీద చెయ్యి వేశారు. “తప్పు రాయనోడు ఎవ్వడు లేడు బిడ్డా. గీత కొట్టి సంతకం పెట్టెటోళ్లే తక్కువ.”

“మామకు మీరు చెప్పుండ్రి సారూ. మీ కాళ్లు మొక్కుత.”

“నేను చెప్తే ఎట్ల? సంతకం నీదాయె.”

మామ కొట్టంలో గడ్డి వేస్తున్నాడు. పుస్తకం ముందు పెట్టి చెప్పేశాను. అత్త విని, “మా ఇల్లు ముంచనీకి వచ్చినవా!” అని రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. మామ ఆ కొట్టేసిన అంకెల వైపు చూసి, గౌరి వైపు చూసి, “దీని కోసమా?” అన్నాడు. అవునన్నాను. “అడిగితే ఇంకోదాన్ని తోలుదుము గద పిచ్చిదానా,” అన్నాడు. తిడతాడని సిద్ధపడి వచ్చిన నేను ఆ మాటకు గౌరి మెడ పట్టుకుని ఏడ్చేశాను. అయితే తర్వాత అతనే ఆలోచించి, సూడి బర్రెకు నీళ్లున్న చోటే మేలన్నాడు. మూడో నాడు గౌరి వెళ్లిపోయింది. నుదుట పసుపు రాసి లాల్‌దర్వాజా మలుపు దాకా వెంట నడిచి, ఇక నడవలేక ఆగిపోయాను.

బావి శివరాత్రికి పది రోజుల ముందే ఎండింది. ఉన్న మూడు బర్రెలకే వీధి నల్లా నుంచి బిందెలతో మోసి మా నడుములు పడిపోయాయి. గౌరి కాలువ ఊర్లో సుఖంగా ఈని, వానాకాలం మొదట్లో పెయ్యదూడను వెంటేసుకుని ఇంటికి వచ్చింది. అయితే నేను ఎదురు చూసింది దాని కోసం ఒక్కటే కాదు. ఆ జూన్‌లో మొదటి వాన కురిసిన పొద్దున సారు సెలవులో ఇంట్లోనే ఉన్నారు, వాకిట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మామ ఆయన పక్క నుంచే నడిచి వచ్చి, మెట్ల కింద నిలబడి, మిద్దె మీదున్న నాకు వినబడేలా కేకేశాడు. “కోడలా! ఎంత?”

“పదకొండు మామా!” అన్నాను. సారు పేపరు దించలేదు.

తర్వాత ఆయన పట్టుబట్టి నా చేత పదో తరగతి ప్రైవేటుగా కట్టించారు. దాంతో పాల కేంద్రంలో పరీక్షలు చేసే పని దొరికింది. ముప్పై ఏళ్లు గాజు గొట్టాల ముందు వంగి, గుంట అడుగునే చూసి రాశాను. నా అంకె మీద లొల్లి చేసినవాళ్లు ఉన్నారు గానీ నా అంకె మార్చినవాళ్లు లేరు. ఎనభైల నడుమ ఆయన రిటైరై జహీరాబాద్ దగ్గర చెల్లెలి ఊరికి వెళ్తూ పుస్తకం, గొట్టం నాకు ఇచ్చేశారు. ఆ రోజే నేను మొదటిసారి పుస్తకం మొదటి పేజీల్లోకి, నేను ఆ ఇంటికి రాకముందటి ఏళ్లలోకి వెళ్లాను. ఒక ఆగస్టు గడిలో ‘12’ అని ఉంది. దాని మీద ఒక్కటే గీత. పక్కన ఆయన చేతిరాత: ‘కొలవలేదు. అందాజగా రాసిన.’ కింద సంతకం. అది ఆయన బంతిపూలు కొనే తారీఖు. శాంతమ్మ పోయిన రోజు.

ఆ పుస్తకం నిండిపోయి మరో నాలుగు పుస్తకాలయ్యాయి. గడపలో పాలు పోసినన్నాళ్లూ కొసరు పోశాను, గాజు గొట్టంలో ఏనాడూ పోయలేదు. రెండో పుస్తకంలో ఒక సెప్టెంబరు తారీఖున సారు పోయారని పొద్దున్నే మనిషి వచ్చి చెప్పాడు. మామా నేనూ ఉన్నపళంగా బస్సెక్కాం. దారి పొడవునా వాన. మరునాడు తిరిగి వచ్చి మిద్దె ఎక్కితే డబ్బాలో రెండు రోజుల నీళ్లు కలిసి ఉన్నాయి. ఆయన పోయిన రోజు మా ఇంటి మీద ఎంత కురిసిందో తెలుసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. సగం సగం చేసి ఒక అంకె రాసుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. మిద్దె మీదే కూర్చుని ఏడ్చి, ఆ గడిలో ‘కొలవలేదు’ అని రాసి, పక్కన భాగ్య అని సంతకం పెట్టాను.